తెర మీద నలుపు

ఉదయం ఆరూ ఇరవైకి మా ఆయన చెరువు నుంచి వచ్చి, పెరటి గుమ్మం పక్కనున్న బకెట్లో కాళ్ళు కడుక్కున్నారు. రోజూ ఆ వేళకే వస్తారు, రోజూ అక్కడే కడుక్కుంటారు. నేను కాఫీ కలిపి ఇచ్చాను. ఆయన గ్లాసు తీసుకుని గట్టు మీద పెట్టి, వంటింటి తలుపు దగ్గరగా వేసి, పొయ్యి వైపు చూస్తూ అన్నారు.

“ఏమే, నాకు కింద గెడ్డ లేచింది.”

“ఎక్కడండీ?”

“కింద అన్నాను కదా.”

“కాలికా?”

ఆయన తల అడ్డంగా ఊపారు. అప్పుడు అర్థమైంది. ముప్పై ఏళ్ళకు పైగా కాపురం చేశాం. అయినా ఆ మాట చెప్పడానికి ఆయనకు తలుపు వెయ్యాల్సి వచ్చింది, వినడానికి నాకు స్టవ్ కట్టెయ్యాల్సి వచ్చింది.

ఆయన పోయి ఈ వానలకు ఏడాది అవుతుంది. ఇది అంతకు కొన్నేళ్ళ ముందు సంగతి. మాది కాట్రేనికోన దగ్గర ఊరు. ఆయనకు కొంచెం కొబ్బరి, రెండు రొయ్యల చెరువులు. నేను అప్పటికి శాఖా గ్రంథాలయంలో ఉద్యోగం చేస్తున్నాను.

కాలవల పక్కనున్న మా ఊళ్ళలో మగవాళ్ళకు ఆ చోట నీరు దిగడం కొత్త కాదు. బోదకాలు తెచ్చే దోమే దాన్ని కూడా తెస్తుంది. గోడల మీద ఆరోగ్యశాఖ వాళ్ళు రాయించే మాట వరిబీజం. జనం దానికి ఏ పేరూ పెట్టి పిలవరు, ఆ వైపు చూడరు, అంతే. మా మామగారి తరంలో పంచె వదులుగా కట్టుకుని కాళ్ళు ఎడంగా వేసి నడిచే పెద్దమనుషులు ప్రతి వీధిలోనూ ఉండేవారు. వాళ్ళకు అరుగు మీద ఎత్తు పీట వేసేవారు. ఎందుకు వేస్తున్నారో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. మరీ బరువైతే ఆర్‌ఎంపీ చేత సూదితో నీరు లాగించుకునేవారు. కొన్నాళ్ళకు అది మళ్ళీ నిండేది.

మా ఆయన కూడా ముందు మా ఊరి ఆర్‌ఎంపీ దగ్గరికే వెళ్ళారట. ఆ ఆర్‌ఎంపీ మంచివాడు. చేత్తో చూసి, సూది బయటకు తియ్యకుండానే, “ఇది నేను ముట్టుకునేది కాదండి. లోపల గట్టిగా తగులుతోంది. పెద్దాసుపత్రికి వెళ్ళండి,” అన్నారట. ఈ మాట అన్నది రొయ్యల పంట మొదట్లో. మా ఆయన నాతో చెప్పింది పంట తీశాక. ఆ మధ్యకాలమంతా ఆ ‘గట్టిగా’ అన్న మాట ఆయన ఒక్కరే మోశారు.

అప్పుడు నాకు ఆ నెలలన్నీ వేరేగా కనబడ్డాయి. ఎప్పుడూ లేనిది ఆ పంటలో నన్ను చెరువు దగ్గరికి రమ్మనేవారు. నీళ్ళలో ఆక్సిజన్ చూసే మీటరు ఎలా ముంచాలో చూపించారు. మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే నా చేత పైకి తీయించారు. ఏ మోటారు వర్షానికి ట్రిప్పవుతుందో, రొయ్యపిల్లల సీడు ఎవరి దగ్గర తెస్తే మోసం ఉండదో, ఏ కూలీ మనిషిని గట్టిగా కసరకూడదో అన్నీ చెప్పారు. ఈ వయసులో ఈయనకు నాతో కలిసి గట్టు మీద తిరగాలని సరదా పుట్టిందనుకున్నాను. ఆయన నాకు చెరువులు అప్పగిస్తున్నారని తెలియదు.

“కాన్సరనుకుంటున్నారా?” అని అడగాలని నోటిదాకా వచ్చింది. అడగలేదు. ఆ మాట మా ఇంట్లో అప్పటికి ఎవరూ పలకలేదు.

గ్రంథాలయానికి వెళ్ళి ఆరోగ్యం అల్మారాలో ఉన్న పుస్తకాలు తీశాను. వృషణం అన్న మాట చదవడమే గాని ఎప్పుడూ నోటితో అనలేదు. వృషణానికి వచ్చే వాపుల్లో చాలావాటివల్ల ప్రాణానికి ముప్పు ఉండదని ఒక పుస్తకంలో ఉంది. కొన్నింటివల్ల ఉంటుందని ఆ కిందే ఉంది. ఏది ఏదో స్కానింగులో తెలుస్తుందని ఉంది. మా ఆయన్ని స్కానింగుకు ఎలా తీసుకెళ్ళాలో ఏ పుస్తకంలోనూ లేదు.

“అమలాపురంలో వద్దు. మనవాళ్ళెవరన్నా చూత్తారు. కాకినాడ వెళ్దాం,” అన్నారు.

“కాకినాడ ఆసుపత్రుల్లో మనవాళ్ళు ఇంకా ఎక్కువుంటారండీ.”

“అయితే రాజమండ్రి.”

“అక్కడ మీ మేనత్తగారి కొడుకే కాంపౌండరు.”

కొంచెంసేపు ఆలోచించి, “సర్లే, అమలాపురమే. నువ్వు రా. ఎవరన్నా అడిగితే నీకే బాగోలేదందాం,” అన్నారు.

అమలాపురంలో సర్జన్ గారు ముందు చేత్తో చూశారు. గదిలో లైటు తీయించి టార్చి ఆనించి చూశారు. “నీరు పట్టిందండి, అందులో అనుమానం లేదు. ఆ నీటి వెనకాల గట్టిగా ఏదో చేతికి తగులుతోంది. అదేంటో స్కానింగులో చూసి తేల్చుకుందాం. ముందే కంగారు పడకండి,” అన్నారు. మా ఆయన అందులో ‘గట్టిగా ఏదో’ అన్నంతవరకే విన్నారు.

స్కానింగు సెంటరు హాలంతా కడుపుతో ఉన్న ఆడపిల్లలు, వాళ్ళ తల్లులు, అత్తగార్లు. ప్రతివాళ్ళ చేతిలోనూ నీళ్ళ సీసా. కౌంటరు దగ్గరమ్మాయి వాళ్ళతో, “ఇంకా తాగాలండి, బాగా నిండాలి,” అంటోంది. అది అందరికీ చెబుతోందనుకుని మా ఆయన కూడా సీసా కొని మొత్తం తాగేశారు. తాగి, కాళ్ళు దగ్గరగా పెట్టుకుని, ఎదురుగా గోడ మీదున్న పాపాయి బొమ్మ వైపు చూస్తూ కూర్చున్నారు.

పక్కన కూర్చున్న ముసలావిడ పలకరించింది. “ఎవరికండీ స్కానింగు?”

“మా ఆవిడకండి. కడుపులో నొప్పి,” అన్నారు ఆయన వెంటనే.

ఆవిడ నా వైపు జాలిగా చూసింది. నేను కడుపు మీద చెయ్యి వేసుకున్నాను.

“గ్యాసేమోనమ్మా. వాము నీళ్ళు తాగేవా?”

“ఆయ్, తాగేనండి,” అన్నాను.

ఇంతలో లోపలి తలుపు తీసి ఒకమ్మాయి పిలిచింది. నేను లేచాను. “మీరు కాదండీ, ఆయన,” అంది ఆ అమ్మాయి. ముసలావిడ నోరు తెరిచి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. మా ఆయన ఆవిడ వైపు చూడకుండా లోపలికి నడిచారు.

లోపల మిషను దగ్గర కూర్చున్నది ఆడ డాక్టరు. మా పెద్దమ్మాయి వయసుంటుంది. మా ఆయన గుమ్మంలోనే ఆగిపోయారు.

“మగ డాక్టరు గారు ఎప్పుడొత్తారండీ?”

“ఇక్కడ నేనొక్కదాన్నేనండి. రండి బాబాయిగారూ, మీ ఆవిడగారిని కూడా లోపలికి రమ్మనండి.”

“పోనీ ఇంకోరోజు వత్తాం లెండి.”

“ఇంకోరోజొచ్చినా నేనే ఉంటానండి,” అంది ఆ అమ్మాయి. నవ్వలేదు, విసుక్కోలేదు. “నేను మీవైపు చూడక్కర్లేదండి. నా కళ్ళు తెర మీదే ఉంటాయి. తువ్వాలు మీ చేత్తోనే పట్టుకోండి. నేను చెప్పినంతవరకే జరపండి, అంతే.”

ఆయన నా వైపు చూశారు. ఆ చూపులో అడిగింది సిగ్గు గురించి కాదు. ఇప్పుడు వెనక్కి వెళ్ళిపోతే తెలియకుండానే ఉండిపోవచ్చు కదా అని అడిగారు. నేను ఆయన కండువా తీసుకుని మడతపెట్టి చేత్తో పట్టుకున్నాను. ఆయన వెళ్ళి మంచం మీద కూర్చుని, మళ్ళీ లేచారు.

“ఒక్క నిమిషమండి. బాత్రూం ఎటండి?”

“నీళ్ళు తాగేరా ఏంటండీ?”

“అందరూ తాగుతుంటేనూ.”

“దీనికి అక్కర్లేదండీ. వెళ్ళి రండి.” ఈసారి ఆ అమ్మాయి నవ్వింది. నేనూ నవ్వాను. ఆ రోజు మొదటిసారి నవ్వడం అదే.

ఆయన వచ్చి పడుకున్నారు. డాక్టరమ్మ జెల్ సీసాను వేడినీళ్ళ గిన్నెలోంచి తీసి, తన చేతి మీద ఒక చుక్క వేసుకుని చూసుకుని, అప్పుడు వాడింది. “చల్లగా తగిలితే మనిషి బిగుసుకుపోతాడండి. నాకు సరిగ్గా కనబడదు,” అంది నాతో. నేను తల దగ్గర నిలబడ్డాను. అక్కణ్ణుంచి తెర మా ఇద్దరికీ కనబడుతుంది. తెరను మా వైపు తిప్పింది ఆ అమ్మాయే.

“ముందు బాగున్న వైపు చూద్దామండి. మంచిది ఎలా ఉంటుందో మీరూ చూస్తే, రెండోది మీకే తెలుస్తుంది.”

తెర మీద కోడిగుడ్డు ఆకారంలో బూడిదరంగు కనబడింది. మెత్తగా రుబ్బిన పిండిలా అంతా ఒకేలా ఉంది. “ఇదండి వృషణం. ఎక్కడా మచ్చ లేదు, చూడండి,” అంది. ఆ మాటను చెయ్యి, చెవి అన్నట్టే అంది. నేను అంతకుముందు ఎవరి నోటా ఆ మాట అంత మామూలుగా వినలేదు.

తర్వాత రెండో వైపు పెట్టింది. తెరలో సగానికి పైగా నల్లబడిపోయింది. ఆ నలుపు ఒక మూల నుంచి ఇంకో మూలదాకా పరుచుకుని, బూడిదరంగు గుడ్డును చుట్టూ మూసేసినట్టుంది. మా ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. పెళ్ళిలో తప్ప పరాయివాళ్ళ ఎదుట ఆయన నా చెయ్యి పట్టుకోవడం అప్పటిదాకా లేదు.

“అడుగు నల్లబడిపోయింది,” అన్నారు గోడ వైపు చూస్తూ. “ఇంక పట్టుబడి చేసెయ్యాలి.”

రొయ్యల చెరువుల దగ్గర బతికేవాళ్ళకు ఈ మాట విడమర్చి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం చెబుతున్నాను. చెరువు అడుగున మేత కుళ్ళితే మట్టి నల్లబడుతుంది. చేత్తో తీస్తే మురిగిన గుడ్డు వాసన వస్తుంది. అది కనబడిందంటే రొయ్య బతకదు. సైజు వచ్చినా రాకపోయినా వెంటనే వల వేసి పట్టెయ్యాలి. దాన్నే పట్టుబడి అంటారు. మా ఆయన జీవితమంతా నలుపును చూసి భయపడ్డ మనిషి. తెర మీద కూడా అదే చూశారు. లోపల కుళ్ళిపోయింది, కోసి తీసెయ్యాలి అని అర్థం చేసుకున్నారు.

డాక్టరమ్మ చెయ్యి ఆపింది. “ఏమన్నారండీ?”

చెరువు అడుగు సంగతి నేనే చెప్పాను. ఆ అమ్మాయి కాసేపు ఆలోచించింది. బయట హాల్లో అంతమంది కూర్చుని ఉన్నారు, అయినా తొందరపడలేదు. ఇప్పటికీ ఆమె గురించి అనుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది అదే.

“బాబాయిగారూ, చెరువులో నీళ్ళు తేటగా ఉన్నాయో లేదో ఎలా చూత్తారండీ మీరు?”

“తెల్ల బిళ్ళ దింపుతామండి,” అన్నారు ఆయన నీరసంగా. “ఎంత లోతుదాకా కనబడితే అంత తేటన్నమాట.”

“సరిగ్గా అదేనండి నేనూ చేసేది. ఈ మిషను శబ్దం పంపుతుంది, మనకి వినబడదు. ఆ శబ్దం దేనికన్నా తగిలి వెనక్కొస్తే తెల్లగా వేస్తుంది. తేట నీళ్ళలో తగలడానికి ఏముంటదండీ? ఏదీ వెనక్కి రాదు, అందుకని నల్లగా వదిలేస్తుంది. ఇక్కడ నలుపంటే నీళ్ళు. కుళ్ళు కాదు.”

ఆయన గోడ మీంచి చూపు తిప్పి తెర వైపు చూశారు.

“నీళ్ళ వెనకాల చూడండి, తెల్లగా మెరుస్తోందా? ముందున్నవి తేట నీళ్ళు కాబట్టే అలా మెరుస్తుంది. ముందు గట్టి గెడ్డ ఉంటే అలా ఉండదు.”

“మా బిళ్ళలాగే,” అన్నారు.

“ఆయ్, మీ బిళ్ళలాగే.”

“మరీ తేటగా ఉన్నా మంచిది కాదండి. రొయ్యకి మేత పుట్టదు.”

“ఇందులో రొయ్యలు లేవు లెండి,” అంది ఆ అమ్మాయి.

ఆయన పొట్ట కదిలింది. నవ్వుతున్నారు. మిషను మీద బొమ్మ చెదిరిపోతే, “నవ్వకండి, కదులుతోంది,” అంది.

ఆ తర్వాత ఆ గట్టిగా తగిలినదాన్ని చూపించింది. గుడ్డు పైభాగాన, దానికి ఆనుకుని, గోలీకాయంత గుండ్రటిది. దాని లోపలా నలుపే, చుట్టూ సన్నటి గీత. “ఇదేనండి సర్జన్ గారి చేతికి తగిలింది. చిన్న నీటితిత్తి. నీళ్ళతో బిగిసి ఉంటే చేతికి రాయిలాగే తగులుతుంది. చూడ్డానికి ఏముంది, నీళ్ళే. అసలు గుడ్డుతో దీనికి సంబంధం లేదు. గుడ్డు శుభ్రంగా ఉంది. ఇందాక చూసినదానికీ దీనికీ తేడా ఏమన్నా ఉందా, మీరే చెప్పండి.”

ఆయన చాలాసేపు చూసి, “లేదండి,” అన్నారు.

ఒక మీట నొక్కితే గుడ్డులో ఎర్రగా, నీలంగా చిన్న చుక్కలు వెలిగాయి. రక్తం నడుస్తోందంది. రెండువైపులా ఒకేలా నడుస్తోందంది.

“కాన్సరు కాదా అమ్మా?” అని నేనే అడిగాను.

“కాదండీ. అలాంటి అనుమానం పెట్టుకోవాల్సింది ఇందులో ఏదీ కనబడ్డం లేదు. ఈ నీరు ఇబ్బందిగా ఉంటే చిన్న ఆపరేషను చేస్తారు. ఆ తిత్తిని చాలామందికి అలాగే వదిలేస్తారు. సర్జన్ గారు చెబుతారు.”

ఆయన లేచి, జెల్ తుడుచుకుని, లుంగీ సరిచేసుకుని గుమ్మందాకా వెళ్ళి వెనక్కి తిరిగారు. “తల్లీ, ఇంకొక్కసారి చూపిత్తారా? ఆ నలుపు.” ఆ అమ్మాయి దాచిన బొమ్మను మళ్ళీ తెర మీదికి తెచ్చింది. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, గట్టు మీద నిలబడి చెరువును చూసినట్టు చూశారు.

బయట ముసలావిడ ఇంకా అక్కడే ఉంది. “నొప్పి తగ్గిందామ్మా?” అని నన్నే అడిగింది. తగ్గిందని చెప్పాను. అది అబద్ధం కాదు.

ఇంటికి ఆటోలో బయల్దేరాం. ముమ్మిడివరం దాటాక ఆటో ఆపించి, రోడ్డు పక్క పాకలో పెసరట్టు తిన్నారు. ఒకటి తిని ఇంకోటి చెప్పారు. ఆ పంటకాలమంతా ఆయన కంచంలో అన్నం వదిలేస్తుంటే నా వంట నచ్చక అనుకునేదాన్ని. మూడోది చెబుతుంటే ఊరుకోమన్నాను.

నీరు తీసే ఆపరేషను అదే నెలలో అయింది. ఆసుపత్రిలో ఒక రాత్రి ఉన్నాం. తిత్తి జోలికి వెళ్ళలేదు. ఇక్కడితో ఆగిపోతే ఇది రాయనక్కర్లేదు. భయపడి, భయం తీరి, ఇంటికొచ్చినవాళ్ళు లోకంలో చాలామంది. ఆ తర్వాత ఆయన చేసిన పని కోసం రాస్తున్నాను.

కుట్లు మానిన వారానికి మా మరిది, ఆయన పినతండ్రి కొడుకు, సైకిలు గేటు దగ్గర పడేసి లోపలికి వచ్చాడు.

“వదినా, అన్నయ్యకి మత్తింకా దిగలేదా ఏంటి? మేత కొట్టు దగ్గర నిలబడి అందరికీ చెప్పేత్తన్నాడు!”

“ఏం చెబుతున్నారు?”

“అదే. నా నోటితో చెప్పమంటావా?”

నాకు ఒళ్ళు మండింది. ఆయన రాగానే అడిగాను. “నలుగురిలో ఉద్యోగం చేసేదాన్నండీ. రేపు గ్రంథాలయానికి ఎలా వెళ్ళమంటారు?”

“పేపరు చదువుకోడానికొచ్చినోళ్ళు నిన్నేం అడుగుతారే?”

“నవ్వరూ?”

“ఎందుకు నవ్వరు, నవ్వేరు. ‘బావా, మీ చెరువులో కౌంటెంత?’ అన్నాడు కొట్టాయన.” కౌంటంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క. ఎంత తక్కువైతే రొయ్య అంత పెద్దది. “‘రెండే. అంత సైజు మీరెవరూ తియ్యలేదు’ అన్నాను.”

నాకు నవ్వొచ్చింది గాని కోపంలో ఉన్నాను కాబట్టి ఆపుకున్నాను. ఆయన అరుగు మీద కూర్చుని, గొంతు తగ్గించి అన్నారు. “పంటంతా ఆ భయం నేనొక్కడినే మోసేను. నీక్కూడా చెప్పలేదు. ఆ కొట్టు దగ్గర నిలబడ్డవాళ్ళలో ఎంతమంది మోత్తన్నారో నీకు తెలీదు. నాకు తెలుసు. నడకలో తెలుత్తది. కూర్చునే తీరులో తెలుత్తది. నవ్వితే నవ్వనీ.”

పుస్తకాల్లో ధైర్యం గురించి చాలా చదివాను. మేత కొట్టు ముందు నిలబడి అలాంటి మాట చెప్పగలగడం ఒక ధైర్యమని ఏ పుస్తకంలోనూ చదవలేదు.

నాలుగైదు రోజుల తర్వాత ఒకతను మా గేటు దగ్గరికి వచ్చాడు. పడవ మీద వేటకెళ్ళే మనిషి. కొబ్బరికాయల ధర అడిగాడు. మోటారు రిపేరు గురించి అడిగాడు. వెళ్ళినట్టే వెళ్ళి వెనక్కొచ్చి, “అయ్యగారూ, తమరు వెళ్ళింది ఏ చోటికండీ?” అన్నాడు.

“ఎవరికిరా?”

“మా బావమరిదికండి.”

“మీ బావమరిదిని రేపు పొద్దుటే పంచె కట్టుకుని రమ్మను. నేనూ వత్తాను. నీళ్ళు మాత్రం తాగొద్దని చెప్పు.”

మర్నాడు పంచె కట్టుకుని వచ్చింది అతనే. మా ఆయన బావమరిది ఊసెత్తకుండా స్కూటరు తీశారు.

అలా మొదలై, నెలకొకరో ఇద్దరో వచ్చేవారు. మా ఇంటికొచ్చిన మగవాళ్ళు అంత శ్రద్ధగా ధరలు, వానలు, మోటార్ల గురించి మాట్లాడుతుంటే నేను లోపలికి వెళ్ళిపోయేదాన్ని. ఆయనకు ఒక పద్ధతి ఏర్పడింది. ఉతికిన తువ్వాలు ఒకటి సంచీలో పెట్టుకునేవారు. హాల్లో తాను ఆడవాళ్ళ వైపు కూర్చుని, వచ్చినతన్ని గోడ వైపు కూర్చోబెట్టేవారు. లోపలికి కూడా రమ్మని వాళ్ళే బతిమాలేవారు. దారిలో అందరికీ ఒకటే చెప్పేవారు. “తెర మీద నల్లగా కనబడుద్ది. గాబరా పడకు. అది నీళ్ళు.” మందులు, ఆపరేషన్లు, రోగాల పేర్లు ఆయన ఎవరికీ చెప్పలేదు. ఆ పని డాక్టర్లదని ఆయనకు తెలుసు. నలుపు చూసి గుండె ఆగిపోకుండా పక్కన నిలబడ్డం ఒక్కటే తన పని అనుకున్నారు.

దాదాపు అందరికీ నీరే. ఒకతనికి నరాలు ఉబ్బాయన్నారు, ఇంకొకతనికి మా ఆయనకున్నట్టే తిత్తి. వేటకెళ్ళే ఇంకో మనిషి ఒక్కడికి మాత్రం తెర మీద నలుపు రాలేదు. గుడ్డు లోపలే ఎగుడుదిగుడుగా, ముదురుగా ఒక మచ్చ. డాక్టరమ్మ ఇంకా నోరు తెరవలేదట. మా ఆయన చూసిన తెరలన్నిటికీ ఇది వేరుగా ఉందని ఆయనకు తెలిసిపోయింది. తువ్వాలు పట్టుకున్న అతని చేతి మీద చెయ్యి వేశారు. ఆ రోజు అతన్ని ఇంట్లో దింపి, అతని భార్యకు చెప్పేటప్పుడు దగ్గర కూర్చుని, పొద్దుపోయి ఇంటికొచ్చారు. కాకినాడలో ఆపరేషనుకూ, తర్వాత వైద్యానికీ వెంట వెళ్ళారు. తొందరగా వచ్చారు కాబట్టి బాగయిందని అక్కడ చెప్పారు. అతను ఇప్పటికీ వేటకు వెళుతున్నాడు.

అది జరిగాక ఈ పని మానేస్తారేమో అనుకున్నాను. మర్నాడు తువ్వాలు ఉతికి దండెం మీద ఆరేశారు.

ఒకసారి నేనే అడిగాను, “మీకు విసుగు రాదూ?” అని.

“వాడు లోపలికెళ్ళేటప్పుడు మొహం చూడాలే నువ్వు,” అన్నారు. “వచ్చేటప్పుడు చూడాలి.” అంతకన్నా వివరంగా ఆయన ఎప్పుడూ చెప్పలేదు, నేనూ చెప్పించుకోలేదు.

ఆయన పోయింది వేరే కారణంతో. చెరువు గట్టు మీద ఛాతీ పట్టుకుని కూర్చున్నారట. ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది. గుండె విషయంలో ఎవరికీ ఏ హెచ్చరికా రాలేదు. పెద్దకర్మ రోజున భోజనాలయ్యాక కొంతమంది మగవాళ్ళు అరుగు కింద నిలబడి, నాకు నమస్కారం పెట్టి, ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. వాళ్ళలో చాలామంది మాకు చుట్టాలు కారు. ఎందుకొచ్చారో ఇంట్లోవాళ్ళకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది. ఎవరికీ చెప్పలేదు.

మొన్న ఒక కుర్ర రైతు గేటు దగ్గరికి వచ్చాడు. పెళ్ళయి ఏడాది కూడా కాలేదు. కొబ్బరికాయల ధర అడగలేదు, మోటారు సంగతీ ఎత్తలేదు. తిన్నగా నా మొహం చూసి అడిగాడు.

“మామ్మగారూ, తాతగారు తీసుకెళ్ళే స్కానింగు సెంటరు ఎక్కడండీ?”

చెప్పాను. “నేను రానా బాబూ, తోడు?”

“మీరెందుకండీ ఈ ఎండలో. వెళ్ళొచ్చేత్తాను.”

“లోపల ఆడ డాక్టరుంటారు.”

“ఆయ్, తెలుసండి. ఉంటే ఏటండీ? డాక్టరే కదండీ.”

సాయంత్రం బండి మీద వెళుతూ గేటు దగ్గర ఆగి, “నీరేనంటండి,” అని కేకేసి చెప్పి వెళ్ళిపోయాడు. పక్కింటివాళ్ళు వాకిట్లోనే ఉన్నారు. వాళ్ళకూ వినబడింది. అతను పట్టించుకోలేదు.

మా ఊరి మగవాళ్ళు ఇప్పుడు స్కానింగుకు ఎవరికి వాళ్ళే వెళ్ళి వస్తున్నారు. తోడు తీసుకువెళ్ళడం మానేశారు.